కడుపులో కరెంటు

నంద్యాల బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జి తిని ఆళ్లగడ్డ బస్సెక్కారనుకోండి. సుమారు గంట ప్రయాణం. ఆ గంటలో మీ కడుపు గోడలో ఎన్ని విద్యుత్ అలలు పుడతాయో తెలుసా? దాదాపు 180. అంటే నిమిషానికి మూడు. గుండెకు లయ ఉందని అందరికీ తెలుసు. కడుపుకూ ఒక లయ ఉందని, అదీ కరెంటు మీదే నడుస్తుందని చాలామందికి తెలియదు.

ఆ అలలను పుట్టించేవి కాహాల్ కణాలు. స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రామోన్ ఇ కాహాల్ పేరు వాటికి పెట్టారు. నాడీవ్యవస్థ మీద చేసిన కృషికి ఆయనకు 1906లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆళ్లగడ్డ శిల్పుల షెడ్ల ముందు ఎప్పుడైనా కాసేపు నిలబడి చూశారా? ముందు పెద్ద ఉలి, బరువు సుత్తి. పెళ్లలు పెళ్లలుగా రాయి ఊడిపడుతుంది. తర్వాత సన్న ఉలి వస్తుంది, రాలేది పొడి మాత్రమే. ఆ అలల లయలో కడుపు చేసే పనీ ఇలాగే ఉంటుంది. గట్టి పదార్థాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్ల నలుసులు అయ్యేదాకా నూరుతుంది. అప్పుడే కింది ద్వారం గుండా కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతుంది. నీళ్లకు ఈ ఆలస్యం లేదు, తాగిన కాసేపటికే దిగిపోతాయి.

ఈ నూరుడు మందగిస్తే వచ్చే జబ్బే గ్యాస్ట్రోపరేసిస్. దారిలో అడ్డమేమీ ఉండదు, అయినా తిన్నది కదలదు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో కడుపును నడిపించే నరాలు, ఆ కాహాల్ కణాలు దెబ్బతినడం ఇందుకు ఒక ముఖ్య కారణం. షుగర్ రోగుల్లో కనిపించే ఈ స్థితికి 1958లో పాల్ కాసాండర్ అనే వైద్యుడు పేరు పెట్టాడు. కొందరిలో మాత్రం ఎంత వెతికినా కారణం దొరకదు.

ఆళ్లగడ్డలో మా మేనత్తకు పదిహేనేళ్లుగా షుగర్. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది. "రాత్రి తిన్న గోరుచిక్కుడు ముక్క తెల్లారి వాంతిలో అట్లనే పడింది నాయనా" అని ఒకరోజు చెప్పింది. అందరం గ్యాస్ అన్నాం. సోడా తాగించాం, వాము నమలమన్నాం. ఆ ఒక్క మాటలోనే జబ్బు గుర్తు ఉందని మాకు తెలియక ఏడాది పోయింది.

ఇంకో గుర్తు మరీ ప్రమాదకరం. ఇన్సులిన్ సూది వేసుకుని, అన్నం తిన్నాక కూడా షుగర్ పడిపోవడం. సూది తన పని మొదలుపెడుతుంది, అన్నం మాత్రం ఇంకా కడుపులోనే కూర్చుని ఉంటుంది. కొన్ని గంటల తర్వాత ఆ అన్నం దిగినప్పుడు షుగర్ ఒక్కసారిగా పైకి లేస్తుంది.

పరీక్ష ఎలా చేస్తారంటారా? ముందు ఎండోస్కోపీతో లోపల అడ్డమేమీ లేదని చూస్తారు. తర్వాత అతి కొద్ది రేడియోధార్మిక పదార్థం కలిపిన ఆహారం తినిపించి, గంటగంటకూ కెమెరాతో చూస్తారు. విదేశాల్లో ఎక్కువగా గుడ్డు పెడతారు. మన దేశంలో ఇడ్లీతో కూడా చేశారు. నాలుగు గంటల తర్వాత పది శాతం కంటే ఎక్కువ మిగిలితే కడుపు మందగించినట్టే. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లి, పని చూసుకుని తిరిగి వచ్చేసరికి ఉదయం తిన్నది దాదాపు ఖాళీ కావాలన్నమాట.

కడుపు కరెంటును పొట్ట మీది నుంచి మొదట రికార్డు చేసింది అమెరికా వైద్యుడు వాల్టర్ అల్వారెజ్. బక్కపలచని ఒక వృద్ధురాలి మీద చేసిన ఆ ప్రయోగం వివరాలు 1922లో అచ్చయ్యాయి. ఆమె పొట్ట గోడ ఎంత పలచనంటే, లోపలి అలలు పైకే కనిపించేవి. 1963లో బిల్గుటే అనే వైద్యుడి బృందం ఆపరేషన్ తర్వాత కదలిక ఆగిన పేగులను కరెంటుతో కదిలించవచ్చని రాసింది.

కడుపుకు కరెంటు ఇచ్చేందుకు ఇప్పుడు వాడే పరికరం పేరు ఎంటెరా. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో, మందులకు లొంగని వాంతులకు, వికారానికి దీన్ని మానవతా మినహాయింపు కింద అనుమతించింది. అరచేతిలో ఇమిడే బ్యాటరీ పెట్టెను పొట్ట చర్మం కింద అమరుస్తారు. రెండు సన్నని తీగలను కడుపు కండరంలో, కింది ద్వారానికి పది సెంటీమీటర్ల పైన కుడతారు. మామూలు అమరికలో ఐదు సెకన్లకు ఒకసారి, సెకనులో పదో వంతు సేపు కరెంటు వెళ్తుంది. నిమిషానికి పన్నెండు సార్లు, అంటే కడుపు సొంత లయకు నాలుగింతలు. బ్యాటరీ అయిపోతే మళ్లీ చిన్న ఆపరేషన్ చేసి మార్చాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. దీన్ని కడుపు పేస్‌మేకర్ అంటారు గానీ, గుండె పేస్‌మేకర్‌లా ఇది లయను చేతుల్లోకి తీసుకోదు. 172 మందితో ఫ్రాన్స్‌లో జరిగిన పరిశోధన 2020లో వెలువడింది. పరికరం పనిచేస్తున్న నెలల్లో వాంతులు తగ్గాయి. కడుపు ఖాళీ అయ్యే వేగం మాత్రం పెరగలేదు, జీవన నాణ్యత కూడా మెరుగుపడినట్టు తేలలేదు. నా దృష్టిలో ఇది ఆఖరి మెట్టు దగ్గర ఉండాల్సిన చికిత్స. అయినా రోజుకు పదిసార్లు వాంతి చేసుకునే మనిషికి వాంతులు తగ్గడం చిన్న విషయం కాదు.

మరో దారి జీ-పోయెమ్. నోటి గుండా ఎండోస్కోపు పంపి, కడుపు కింది ద్వారపు కండరాన్ని లోపలి నుంచే కోస్తారు. 2013లో అమెరికాలో మొదలైన ఈ పద్ధతి హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలోనూ ఉంది. ఆ సంస్థను స్థాపించిన డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి ఎంబీబీఎస్ చదివింది ఎక్కడో కాదు, మన కర్నూలు వైద్య కళాశాలలోనే.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది వంటింట్లోనే ఉంది. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినడం. నూనె, పీచు తగ్గించి, మెత్తగా వండుకోవడం. మా మేనత్త ఇప్పుడు గోరుచిక్కుడు, బజ్జి మానేసి, పలచని పప్పుచారుతో మెత్తటి అన్నం రోజుకు ఐదారుసార్లు తింటుంది.

వాంతికి వాడే మెటోక్లోప్రమైడ్ బిళ్లను డాక్టరును అడగకుండా నెలల తరబడి మింగకండి. మూతి, నాలుక తమంతట తాము కదిలే జబ్బు దానివల్ల రావచ్చు, ఒక్కోసారి అది తిరిగి తగ్గదు. మీ ఇంట్లో షుగర్ ఉన్నవారు రాత్రి తిన్నది తెల్లారి కక్కుకుంటే గ్యాస్ అని సరిపెట్టకండి. ఎప్పుడు తిన్నారో, ఎప్పుడు వాంతి అయిందో ఒక కాగితం మీద రాసి, డాక్టరు చేతికి ఇవ్వండి.