తెరకూ తెరచాపకూ నడుమ

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏ రేవూ చేరడని పెద్దలంటారు. ఈ మాట హంఫ్రీ బోగార్ట్ విషయంలో ఎంతవరకు చెల్లుతుందో చూడండి.

1942 నాటి ‘కాసాబ్లాంకా’ చిత్రంలో కథానాయకుడు ఆయనే. కాని అంతకుముందు ఏళ్ల తరబడి న్యూయార్కు రంగస్థలం మీద చిన్నా పెద్దా వేషాలు వేశాడు. 1935లో ‘ది పెట్రిఫైడ్ ఫారెస్ట్’ నాటకంలో బందిపోటు వేషంతో పేరొచ్చింది. దాన్ని సినిమా తీసేటప్పుడు కంపెనీవారు ఆ వేషం మరొకరికి ఇవ్వబోతే, సహనటుడు లెస్లీ హోవార్డ్ బోగార్టే ఉండాలని పట్టుబట్టాడు. ఆ మేలు మరవక, 1952లో పుట్టిన కూతురికి ఆయన లెస్లీ అని పేరు పెట్టుకున్నాడు.

ఇక రెండో పడవ, నిజంగా పడవే! చిన్ననాట సరస్సులో నేర్చిన తెరచాప విద్యను ఆయన వదల్లేదు. 1945లో ‘సాంతానా’ అనే 55 అడుగుల పడవ కొని, తీరిక దొరికితే సముద్రం మీదికి పోయేవాడు. కాలిఫోర్నియా తీరాన పందేల్లోనూ దిగేవాడు. గాలికి ఎదురుగా ఏ తెరచాప పడవా నేరుగా పోలేదు. కాస్త అటూ కాస్త ఇటూ వాలుగా మలుపులు తిరుగుతూ గమ్యం చేరాలి. నాటకంలోలాగా పక్కనుంచి మాట అందించేవాడు అక్కడ ఉండడు.

మా నంద్యాలకు సముద్రం దూరమే. అయినా కర్నూలు-కడప కాలువ తవ్వింది పైరుకే కాదు, పడవల రాకపోకలకు కూడాను. నటనకు తోడు మరో వ్యాపకమూ మనకు కొత్త కాదు. 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవగారు కోర్టులో ప్లీడరు, రంగం మీద మహానటుడు. ఆళ్లగడ్డలో మా మేనల్లుడికి ఉద్యోగంతోబాటు నాటకాల పిచ్చి. “ఏదో ఒకటే చూసుకోమని చెప్పరా,” అని మా అక్కయ్య పోరు పెడితే, నేను వాడికి బుద్ధులు చెప్పడం మాని, అక్కయ్యకే ఈ కథ చెప్పాను.

“పడవ కొన్నవాడి సంగతి సరే, జీతం రాళ్లతో బతికేవాడికెలా?” అంది. సబబైన ప్రశ్నే. కాని రిహార్సలుకు కావలసింది పడవ ఖరీదు కాదు, సాయంత్రం రెండు గంటలు.

1957 జనవరి 14న బోగార్ట్ క్యాన్సరుతో కన్నుమూశాడు. చర్చిలో ప్రార్థన వేళ శవపేటిక ఉండవలసిన చోట ‘సాంతానా’ నమూనా పడవను ఉంచారు. ఆయన మనసెక్కడుండేదో అయినవాళ్లకు తెలుసు.

మీ ఇంట్లోనూ ఆఫీసు నుంచి వచ్చి రిహార్సలుకు పరుగెత్తే అబ్బాయి ఉంటే కోప్పడకండి. కాస్త అన్నం మూతపెట్టి ఉంచండి.