సీమ పొడిగాలితో చల్లబడే ప్రాసెసర్

మే నెలలో కర్నూలులోనో కడపలోనో ఎండ 42 డిగ్రీలు దాటిన రోజున కంప్యూటర్ ఫ్యాను ఎంత జోరుగా తిరిగినా ప్రాసెసర్‌కు తగిలేది వేడిగాలే. లోపలి వేడి నూరు డిగ్రీలకు చేరువైతే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

అదే పరిమాణంలో ఉన్న గాలికన్నా నీరు దాదాపు 3,500 రెట్లు ఎక్కువ వేడిని మోయగలదు. ఐబీఎం 1980లో తెచ్చిన 3081 కంప్యూటర్‌ను నీటితోనే చల్లబరిచారు. నూరు వాట్ల ప్రాసెసర్ మీద రాగి దిమ్మె బిగించి, దానిగుండా నిమిషానికి లీటరు నీరు పారిస్తే ఆ నీరు వేడెక్కేది ఒకటిన్నర డిగ్రీ లోపే. అక్వేరియం పంపుతోనూ ఆ పని జరుగుతుంది.

అసలు చిక్కు ఆ నీటిని మళ్లీ చల్లార్చడంలో ఉంది. బజారులో దొరికే రేడియేటర్ నీటిని గదిలో ఉన్న వేడికన్నా కిందికి దించలేదు. నీరు ఆవిరైతే మాత్రం ఆ హద్దు చెరిగిపోతుంది. 42 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతమే ఉంటే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ 24 దగ్గర ఆగుతుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. కోస్తాలో 38 డిగ్రీల ఎండ, 60 శాతం తేమ ఉన్న రోజున అదే థర్మామీటర్ 30కి పైనే నిలుస్తుంది. పంటలను ఎండగట్టే మన పొడిగాలి ఈ ఒక్క పనికి మాత్రం వరమే.

ఇంకో మేలూ ఉంది. ఐసు ముక్కలు వేసిన నీరు పారితే గొట్టాల మీద చెమ్మ పట్టి బోర్డు మీద కారవచ్చు. ఆవిరితో చల్లబడిన నీరు చెమ్మ పట్టేంత చల్లదనానికి ఎన్నడూ దిగదు.

మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పదనంతో ఉంటాయి. ఆవిరైన కొద్దీ ఉప్పు మిగిలి రాగి దిమ్మెలోని సన్నటి దారులు పూడుకుపోతాయి. అందుకే రెండు వలయాలు కావాలి. ప్రాసెసర్ వైపు డిస్టిల్డ్ వాటర్ మూసిన గొట్టాల్లో తిరగాలి. ఆ దారిలోనే రాగి గొట్టాన్ని చుట్టలా వంచి ఇంట్లోని ఎయిర్‌కూలర్ తొట్టిలో ముంచాలి. ఈ వలయంలో అల్యూమినియం కలపకూడదు, రాగి దాన్ని తినేస్తుంది. కంప్యూటర్‌కు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే ఒక రోజంతా నడిపి, అతుకుల కింద కాగితం పరిచి చూస్తే కారుతోందో లేదో తేలిపోతుంది.

తొలి తెలుగు శాసనం దొరికిన కలమల్లలోనే ఉన్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం నడిచేదీ ఈ రెండు వలయాల పద్ధతిలోనే. 1,650 మెగావాట్ల ఆ కేంద్రంలో బాయిలర్ శుద్ధజలం వేరు, కూలింగ్ టవర్లలో ఆవిరయ్యే నీరు వేరు. టవర్ల అడుగున ఉప్పు పేరుకోకుండా కొంత నీటిని ఎప్పటికప్పుడు వదిలేస్తారు.

ఇంట్లోనూ తొట్టిని అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీచేసి కడగాలి. నూరు వాట్ల వేడిని మోసుకుపోవడానికి గంటకు ఆవిరయ్యేది 150 మిల్లీలీటర్లే. కూలర్ లాగే వేడిగాలి అంతకన్నా ఎక్కువే తాగుతుంది కాబట్టి, నీటి ఎద్దడి ఉన్న వాడల్లో ఎలాగూ నడిచే కూలర్‌కే ఈ గొట్టం కలపడం మేలు.