ఈఈఈ చదివి ఓల్డ్ క్రో దాకా!

'అన్నా, ఈఈఈ తీసుకుని తప్పు చేశామా?' నాకు వచ్చే మెసేజుల్లో సగం ఇవే. సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరతానంటే చేరండి, వద్దనను. కానీ ముందు ఫోన్లో మ్యాప్ తెరిచి కెనడాలోని యూకాన్‌ను చూడండి. ఇంకా పైకి జరపండి. ఆర్కిటిక్ వృత్తం దాటాక ఓల్డ్ క్రో అని ఓ ఊరు కనిపిస్తుంది.

2021 లెక్కల ప్రకారం జనాభా 236. ఎక్కువమంది వుంతుట్ గ్విచిన్ ఆదివాసులు. తరతరాలుగా కారిబూ అనే జింకల వేటే వాళ్లకు ఆధారం. ఊరికి రోడ్డు లేదు, వైట్‌హార్స్ వైపు నుంచి విమానమే దిక్కు. కరెంటు తయారీకి డీజిల్ కూడా విమానంలోనే రావాలి! ఖర్చు మీరే ఊహించుకోండి.

మన సబ్జెక్టు ఇక్కడే మొదలవుతుంది. 2021లో అక్కడ 940 కిలోవాట్ల సోలార్ ప్లాంటు నడకలోకి వచ్చింది. ప్యానెళ్లు 2,160. మన డాబాల మీద దక్షిణం వైపు తిప్పుతాం కదా? అక్కడ వేసవిలో సూర్యుడు అస్తమించడు, ఆకాశంలో చుట్టూ తిరుగుతుంటాడు. అందుకే కొన్ని తూర్పుకు, కొన్ని పడమరకు పెట్టారు. బ్యాటరీలు, మైక్రోగ్రిడ్ కంట్రోలర్ తోడుండటంతో ఎండ బాగా ఉన్నప్పుడు డీజిల్ జనరేటర్లను పూర్తిగా ఆపేయొచ్చు. చలికాలంలో సూర్యుడే కనిపించని రోజులుంటాయి. అప్పుడు మళ్లీ డీజిలే. ఇంటర్వ్యూలో ఈ రెండో సగం కూడా చెప్పేవాళ్లనే నేనైతే నమ్ముతా.

ఇంతకీ ప్లాంటు ఎవరిది? ఆ ఆదివాసుల సొంత ప్రభుత్వానిది. 25 ఏళ్ల ఒప్పందంతో విద్యుత్ కంపెనీకి కరెంటు అమ్ముతోంది. అంటే ఇంజినీరుగా వెళ్తే మీ క్లయింటు ఆ ఊరే.

కెనడాలో చదువుకుంటూ అక్కడికి వెళ్లే అవకాశం వస్తే ముందే వాళ్ల ఆఫీసుకు రాసి, బస సంగతి మాట్లాడుకోండి. ఊళ్లో మద్యం నిషేధం, బ్యాగులో సీసా పెట్టుకోవద్దు. అడక్కుండా ఫొటోలు తీయొద్దు, డ్రోన్ అసలే వద్దు. నేల అడుగున గడ్డకట్టిన మంచు ఎక్కడ కరుగుతోందో, నది ఎప్పుడు కదులుతుందో అక్కడి పెద్దవాళ్లకు తెలుసు. 2019లోనే వాతావరణ అత్యవసర పరిస్థితి ప్రకటించినవాళ్లు మరి! వాళ్లను అడిగాకే పునాది డ్రాయింగ్ గీయండి.

నేనూ ఇంకా వెళ్లలేదు. థర్డ్ ఇయర్‌లో గైడు చూసి గట్టెక్కిన పవర్ ఎలక్ట్రానిక్స్ సబ్జెక్టుకు మాత్రం ఈ మధ్యే అసలు పుస్తకం కొన్నా.