పెరగమన్న కబురు ఆగేదెలా?

మోకాలు గీసుకుపోతే కొన్నాళ్లకు కొత్త చర్మం వస్తుంది. గాయం మానాక ఆ పెరుగుదల ఆగిపోతుంది. ఎందుకు?

చర్మకణాలను పెరగమని పురమాయించేవాటిలో ఈజీఎఫ్ ఒకటి. 53 అమైనో ఆమ్లాల బుల్లి ప్రొటీన్. అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల్లో దీన్ని కనిపెట్టాడు. ఆ గ్రంథుల సారం ఎక్కించిన ఎలుకపిల్లలు మామూలుకన్నా ముందే కళ్లు తెరిచాయి! 1986లో రీటా లెవీ-మాంటల్చినీతో కలిసి ఆయన నోబెల్ అందుకున్నాడు.

కణం పైపొర మీద ఈజీఎఫ్‌ను పట్టుకునే గ్రాహకాలుంటాయి. అది అంటుకోగానే రెండు గ్రాహకాలు జతకట్టి, ఒకదాని తోకకు మరొకటి ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. ఆ గుర్తులను బట్టే పెరగమన్న కబురు లోపలికి వెళ్తుంది. నాకు అన్నిటికన్నా అబ్బురం అనిపించేది ఇదే: అవే ఫాస్ఫేట్లను పట్టుకుని సీబీఎల్ అనే ప్రొటీన్ కూడా వచ్చి వాలుతుంది. పారేయాల్సిన సామానుకు చీటీ అంటించినట్టు, గ్రాహకానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను అతికిస్తుంది. కబురు మొదలైన చోటే దాన్ని ఆపే ఏర్పాటూ మొదలవుతుందన్నమాట.

తర్వాత పైపొర లోపలికి ముడుచుకుని, గ్రాహకంతో సహా చిన్న సంచిగా విడిపోతుంది. యుబిక్విటిన్ లేని గ్రాహకాలు చాలావరకు మళ్లీ పైకి చేరతాయి. ఉన్నవి కణంలో వ్యర్థాలను అరిగించే లైసోజోమ్‌కు వెళ్లి ముక్కలవుతాయి. అయితే సంచిలో ఉన్నా గ్రాహకం తోక బయటే ఉంటుంది, కబురు పంపుతూనే ఉంటుంది! అందుకే ఎస్కార్ట్ అనే ప్రొటీన్ల బృందం దాన్ని సంచి లోపలి బుడగల్లోకి నెట్టేస్తుంది. తోక కూడా లోపలికి పోయాకే కబురు పూర్తిగా ఆగుతుంది.

సీబీఎల్ చెడిపోతే? పిల్లలకు వచ్చే ఒక అరుదైన రక్త క్యాన్సర్‌లో కొందరికి ఈ ప్రొటీన్ తయారుచేసే జన్యువులోనే లోపం కనిపిస్తుంది.