బొగ్గుపులుసు గాలిని తూచిన అయిదు బుడ్లు

ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో కర్బన సమ్మేళనాల పరిమాణాత్మక విశ్లేషణ అని ఒక భాగం ఉంటుంది. కార్బన్ శాతానికి అక్కడో సూత్రం ఇస్తారు: వచ్చిన కార్బన్ డయాక్సైడ్ బరువును 12తో హెచ్చించి 44తో భాగించాలి, దాన్ని తీసుకున్న పదార్థం బరువుతో భాగించి నూరుతో హెచ్చించాలి. హైడ్రోజన్‌కైతే నీటి బరువు, 2 బై 18. ఎంట్రన్స్ పరీక్షకు చదివే పిల్లలు దీన్ని బట్టీ పట్టి, అర నిమిషంలో జవాబు గుర్తు పెట్టేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. లెక్కలో ‘0.44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడింది’ అని ఉంటుంది. వెలువడిన గాలిని పట్టుకున్నదెవరు, తూచిందెలా అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఆ తీరిక చేసుకుంటే జర్మనీలోని గీసెన్ అనే చిన్న ఊళ్లో తేలతాం, 1830 ప్రాంతంలో, ఒక గాజు పరికరం ముందు.

అప్పటికి స్టాయికియోమెట్రీ కొత్తదేమీ కాదు. జర్మనీకే చెందిన రిక్టర్ ఆమ్లాలూ క్షారాలూ ఏ పాళ్లలో కలుస్తాయో తూచి చూసి, 1792లోనే ఆ లెక్కల విద్యకు ఈ పేరు పెట్టాడు. ఖనిజాల విషయంలో పని సాఫీగానే సాగింది. రాగిని ఆక్సిజన్‌లో కాల్చి తూస్తే పెరిగిన బరువంతా ఆక్సిజనే. చిక్కంతా చక్కెర, కొవ్వు, నల్లమందు లాంటి వాటి దగ్గర వచ్చింది. వాటిని కాలిస్తే మిగిలేదేమీ ఉండదు. కార్బనంతా బొగ్గుపులుసు గాలిగా, అంటే కార్బన్ డయాక్సైడ్‌గా, హైడ్రోజనంతా నీటి ఆవిరిగా ఎగిరిపోతాయి. లెక్క తేలాలంటే ఆ ఎగిరిపోయేదాన్నే పట్టాలి.

పట్టడానికి మహామహులే ప్రయత్నించారు. లావోయిజే 1780లలో సారాయినీ నూనెలనూ కాల్చి చూశాడు. గేలుసాక్, థెనార్డ్ 1811 నాటికి పదార్థాన్ని పొటాషియం క్లోరేట్‌తో నూరి ఉండలు చేసి, ఎర్రగా కాలిన గొట్టంలో ఒక్కొక్కటే పడేసి, వచ్చిన వాయువును పాదరసం మీద పట్టి ఘనపరిమాణం కొలిచారు. స్వీడన్‌లో బెర్జీలియస్ గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టి, నీటి ఆవిరిని కాల్షియం క్లోరైడ్‌కు పట్టించి తూచాడు. బొగ్గుపులుసు గాలి దగ్గర మాత్రం ఆయన కూడా పాదరసాన్ని వదల్లేదు. ఒక్క గ్రాము చక్కెర కాలితే ముప్పావు లీటరుకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంత వాయువును పాదరసం మీద నిలపడం కష్టం కాబట్టి నమూనాను చిటికెడుకు కుదించాలి. చిటికెడులో జరిగిన చిన్న పొరపాటు శాతంలోకి వచ్చేసరికి పెద్దదవుతుంది. గది వేడిమికీ గాలి ఒత్తిడికీ చేసే సవరణలు దానిపైన. ఇదంతా ఉస్తాదులు నెలల తరబడి కూర్చుని చేసే పని. శిష్యుడి చేతికి ఇచ్చి చేయించగలిగింది కాదు.

యూస్టుస్ లీబిగ్ 1803లో డార్మ్‌స్టాట్‌లో పుట్టాడు. తండ్రి రంగుల వ్యాపారి. పారిస్ వెళ్లి గేలుసాక్ దగ్గర పని నేర్చుకుని, 1824లో, 21 ఏళ్ల వయసులో గీసెన్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. మార్ఫిన్, క్వినైన్ లాంటి ఆల్కలాయిడ్ల కూర్పు తేల్చాలని కూర్చున్నాడు. వాటిలో కార్బన్ బాగా ఎక్కువ, నైట్రోజన్ కొద్ది. చిటికెడు నమూనాతో ఆ కొద్దిపాటి నైట్రోజన్ అందదు. నమూనా పెంచితే కార్బన్ డయాక్సైడ్ జాడీలో పట్టదు. లీబిగ్ ఈ రెండింటినీ విడదీశాడు. నైట్రోజన్‌ను విడిగా చూసుకుందాం, కార్బన్ డయాక్సైడ్‌ను అసలు కొలవొద్దు, తూద్దాం అనుకున్నాడు. దాని కోసం తయారైనదే 1831లో ఆయన ప్రకటించిన పరికరం. జర్మన్లు కాలిఅపరాట్ అన్నారు, మనం పొటాష్ బల్బులు అంటాం.

చూడటానికి అయిదు రేగుపళ్లను ఒకే తీగకు గుచ్చి ముక్కోణంగా వంచినట్టు ఉంటుంది. కింద వరుసలో మూడు చిన్న గాజుబుడ్లు, రెండు చివర్లా కాస్త ఎత్తులో ఒక్కో పెద్ద బుడ్డి, అన్నీ ఒకే గొట్టంలోంచి ఊది తీసినవి. లోపల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే గాఢమైన కాస్టిక్ పొటాష్ ద్రావణం. ప్రయోగానికి ముందు దీన్ని తూచి పెట్టుకుంటారు.

పదార్థాన్ని కుప్రిక్ ఆక్సైడ్‌తో బాగా కలిపి, మూరెడు పొడవున్న గట్టి గాజు గొట్టంలో దట్టిస్తారు. ఆ గొట్టానికి ఒక కొస సన్నగా సాగదీసి పైకి వంచి మూసేసి ఉంటుంది. రెండో కొసకు కాల్షియం క్లోరైడ్ గొట్టం, దానికి రబ్బరు తొడుగుతో పొటాష్ బల్బులు. కుప్రిక్ ఆక్సైడ్ గాలిలోని తేమను పీల్చుకునే రకం. ఆ తేమ తీయకపోతే లేని హైడ్రోజన్ లెక్కలోకొస్తుంది. అందుకని గొట్టం చుట్టూ వేడి ఇసుక పోసి, చేతిపంపుతో తేమను లాగేస్తారు. తర్వాత గొట్టాన్ని ఇనుప రేకు తొట్టిలో పెట్టి, ముందు వైపు నుంచి కొంచెం కొంచెంగా నిప్పులు పేర్చుకుంటూ వెనక్కి వెళతారు.

ఇక చూడాల్సింది బుడగల్నే. బుడగలు ఒకదాని వెంట ఒకటి నిదానంగా వస్తుంటే మంట సరిగా ఉన్నట్టు. జోరందుకుంటే నిప్పులు ఎక్కువైనట్టు, గ్యాసు పొటాష్‌కు చిక్కకుండా జారిపోయే ప్రమాదం ఉన్నట్టు. పొటాష్‌ను ఒకే బుడ్డిలో పోయకుండా అయిదుగా విడగొట్టడంలోని కిటుకు ఇదే. ప్రతి బుడగా ఒక బుడ్డి దాటి ఇంకో బుడ్డిలో మళ్లీ పొటాష్‌ను ఒరుసుకుంటూ పోవాలి. ఆఖర్న గ్యాసు ఆగిపోయి గొట్టం చల్లబడుతుంటే ద్రావణం వెనక్కి ఎక్కుతుంది. అది ఇంకా వేడిగా ఉన్న గొట్టంలోకి పోతే పనంతా పాడు. గొట్టం వైపున్న బుడ్డిని అందుకే పెద్దదిగా ఊదారు, వెనక్కి వచ్చిన ద్రావణమంతా అందులోనే ఆగిపోతుంది. అప్పుడు వంచిన కొసను పటకారుతో తుంచి, ఈ చివర నోటితో మెల్లగా పీలుస్తారు. గొట్టంలో మిగిలిన గ్యాసు కూడా బల్బుల గుండా వచ్చేస్తుంది. రెండింటినీ విప్పి తూస్తారు. కాల్షియం క్లోరైడ్ గొట్టం పెరిగినంత నీరు, బల్బులు పెరిగినంత కార్బన్ డయాక్సైడ్.

గ్లూకోజ్‌నే తీసుకుందాం. 0.300 గ్రాములు కాల్చారు. బల్బులు 0.440 గ్రాములు బరువెక్కాయి, కాల్షియం క్లోరైడ్ గొట్టం 0.180 గ్రాములు. 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌లో 12 గ్రాములు కార్బన్ కాబట్టి ఇక్కడ కార్బన్ 0.120 గ్రాములు. 18 గ్రాముల నీటిలో 2 గ్రాములు హైడ్రోజన్ కాబట్టి హైడ్రోజన్ 0.020 గ్రాములు. రెండూ కలిపి 0.140. తక్కిన 0.160 గ్రాములు ఆక్సిజన్ అని రాసుకుంటారు. పరమాణు భారాలతో భాగిస్తే కార్బన్ 0.01 మోల్, హైడ్రోజన్ 0.02, ఆక్సిజన్ 0.01. ఒకటికి రెండు, రెండుకు ఒకటి. ఇదీ అనుభావిక ఫార్ములా, బరువు 30.

అసిటిక్ ఆమ్లాన్ని కాల్చినా ఇవే అంకెలు వస్తాయి, పెరుగులోని లాక్టిక్ ఆమ్లాన్ని కాల్చినా ఇవే. అసిటిక్ ఆమ్లం అణుభారం 60, లాక్టిక్ ఆమ్లానిది 90, గ్లూకోజ్‌ది 180. ముప్పైకి రెండింతలు, మూడింతలు, ఆరింతలు. అణుభారాన్ని మరో దారిలో తెచ్చుకోవాల్సిందే. బల్బులు చెప్పేది పాళ్లే తప్ప సంఖ్య కాదు. అప్పట్లో కార్బన్ పరమాణు భారం 6 అనేవాళ్లు, 12 అనేవాళ్లు పక్కపక్కనే ఉండేవారు. 1860లో కార్ల్స్‌రూహెలో జరిగిన రసాయన శాస్త్రవేత్తల సమావేశంలో ఇటలీకి చెందిన కానిజారో వాదన విన్నాక గానీ ఆ గందరగోళం సర్దుకోవడం మొదలవలేదు. గీసెన్‌లోనే చదువుకున్న కేకులే 1861 నాటి తన పాఠ్యపుస్తకంలో అసిటిక్ ఆమ్లానికి వాడుకలో ఉన్న 19 ఫార్ములాలను వరసబెట్టి అచ్చు వేశాడు.

నన్నడిగితే ఈ లెక్కలో అన్నిటికంటే ఆసక్తికరమైన వాక్యం ‘తక్కినది ఆక్సిజన్’ అన్నది. ఆక్సిజన్‌ను ఎవరూ తూచలేదు. నూరులోంచి తీసేయగా మిగిలిందానికి ఆ పేరు పెట్టారంతే. గొట్టంలో తేమ మిగిలినా, కార్బన్ పూర్తిగా కాలకపోయినా, చివరికి పరమాణు భారమే తప్పయినా, అన్ని తప్పులూ వచ్చి ఆ ఆక్సిజన్ పద్దులోనే సర్దుకుంటాయి. మొత్తం ఎప్పుడూ నూరే వస్తుంది. తప్పు కంటపడదు.

నిజంగానే ఒక తప్పు అలా చాలాకాలం దాక్కుంది. బెర్జీలియస్ ఇచ్చిన కార్బన్ పరమాణు భారం, నేటి కొలమానంలో చెబితే, 12.24 దాకా ఉండేది. 1840లో పారిస్‌లో డ్యూమా, యువకుడైన స్టాస్ దాన్ని పట్టుకున్నారు. పట్టించింది ఆక్సిజన్ లేని పదార్థం: బట్టల మధ్య కలరా ఉండలుగా పెట్టుకునే నాఫ్తలీన్. అందులో కార్బన్, హైడ్రోజన్ తప్ప మూడోది లేదు. కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్ వాటాను పాత లెక్క ప్రకారం కడితే రెండూ కలిపి 101 దాటిపోతాయి. నూరు గ్రాముల్లో నూటొక్క గ్రాములు! దాచుకోవడానికి ఆక్సిజన్ పద్దు లేదు. డ్యూమా, స్టాస్ వజ్రాన్నీ గ్రాఫైట్‌నూ తూచి ఆక్సిజన్‌లో కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మళ్లీ తూచారు. ఆక్సిజన్ 16 అయితే కార్బన్ 12 అని తేలింది. మన సూత్రంలోని 12 బై 44 అలా వజ్రాలు కాల్చి సంపాదించినది.

అవే బల్బులతో లీబిగ్, ఆయన మిత్రుడు వోలర్ కలిసి 1832లో చేదు బాదం నూనె మీద పనిచేశారు. ఒక పదార్థం నుంచి ఇంకో పదార్థానికి మారుతున్నా చెక్కుచెదరని కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ గుంపు ఒకటి ఉందని, అదే బెంజోయిల్ అని చూపించారు. అంతకంటే పెద్ద మార్పు ప్రయోగశాలలో వచ్చింది. గాజు ఊదడం వచ్చిన విద్యార్థి ఎవరైనా బల్బులు తయారుచేసుకోగలడు, రోజులో ఒక విశ్లేషణ ముగించగలడు. ఇందులో కొత్తదనమంటూ ఉంటే సులువూ నమ్మకమే అన్న ధోరణిలో లీబిగే రాసుకున్నాడు. ఇంగ్లండ్ నుంచీ అమెరికా నుంచీ కూడా కుర్రాళ్లు గీసెన్‌కు దారి పట్టారు. అమెరికన్ కెమికల్ సొసైటీ చిహ్నంలో ఫీనిక్స్ పక్షితో పాటు ఈ బల్బులూ ఉన్నాయి. మన కాలేజీ ల్యాబుల్లో మాత్రం లీబిగ్ పేరు కండెన్సర్‌కు అంటుకుని ఉంది. అది ఆయన కనిపెట్టింది కాదు, ఆయనకు ముందే ఉన్నదాన్ని ప్రచారంలోకి తెచ్చాడంతే. సొంతంగా చేసిన బల్బులేమో అక్కడ కనపడవు.

అణువులు పెద్దవయ్యేకొద్దీ పద్ధతికి ఊపిరి చాలలేదు. కొలెస్టరాల్‌కు 27 కార్బన్లు, 46 హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. కార్బన్ 83.87 శాతం. అదే 26 కార్బన్లు, 44 హైడ్రోజన్లు అనుకుంటే 83.80 శాతం. ఆ ఏడు వందో వంతుల తేడాను నిప్పుల తొట్టితో ఎలా పట్టాలి? 1888లో రైనిట్జర్ 27 అని సరిగ్గా తేల్చాడంటే ఎంత ఓపిక కావాలో ఊహించుకోవచ్చు.

ఇంకో ఇబ్బంది నమూనా. ఆస్ట్రియాలో ఫ్రిట్జ్ ప్రెగ్ల్ పైత్యరసం మీద పనిచేస్తుంటే చేతికొచ్చిన పదార్థం ఈ పద్ధతికి చాలనంత తక్కువ. టన్నుల కొద్దీ పైత్యరసం మరిగించడమా, పద్ధతినే చిన్నది చేయడమా అని ఆలోచించి రెండోది ఎంచుకున్నాడు. సూక్ష్మ త్రాసును మెరుగుపరిపించి, గొట్టాలను కుదించి, కొన్ని మిల్లీగ్రాములతోనే పని జరిగేలా చేశాడు. 1923లో నోబెల్ బహుమతి ఆయనకు వచ్చింది.

ఇవాళ్టి సీహెచ్ఎన్ ఎనలైజర్‌లో నిప్పులూ లేవు, పొటాష్ కూడా లేదు. రెండు మూడు మిల్లీగ్రాములను తగరపు రేకు గుళికలో చుట్టి వేస్తే, 900 డిగ్రీలు దాటిన కొలిమిలో ఆక్సిజన్‌లో భగ్గున మండుతుంది. వచ్చిన వాయువుల ఉష్ణవాహకతను బట్టి కొన్ని నిమిషాల్లో శాతాలు తెర మీదికొస్తాయి. లెక్కకట్టిన శాతానికి 0.4 లోపు తేడా ఉంటే చాలని చాలా పత్రికలు ఒప్పుకుంటాయి. ఆ యంత్రాన్ని సరిచూడటానికి ఎసిటనిలైడ్‌ను కాలుస్తారు. కార్బన్ 71.09, హైడ్రోజన్ 6.71, నైట్రోజన్ 10.36 శాతం రావాలి. రాకపోతే అనుమానించేది ఫార్ములాను కాదు, యంత్రాన్ని.