యుద్ధకాలపు స్థావరం నుంచి అంతర్జాతీయ హోదా దాకా..

గన్నవరం: విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో జాతీయ రహదారి చెంతనున్న ఈ విమానాశ్రయం ప్రయాణికుల కోసం పుట్టినది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక అవసరాల నిమిత్తం ఇక్కడ స్థావరం నెలకొల్పారు. తదనంతరం పౌర విమానయానానికి మళ్లించినా చాలాకాలం సందడి అంతంతమాత్రమే. 2003లో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్‌కు రోజువారీ సర్వీసు ప్రారంభించాక కదలిక వచ్చింది.

2014లో రాష్ట్ర విభజనతో దశ తిరిగింది. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ ప్రారంభం కాగా, మే నెలలో కేంద్ర మంత్రివర్గం అంతర్జాతీయ హోదాకు ఆమోదం తెలిపింది. 2018 డిసెంబరులో మొదలైన సింగపూర్ సర్వీసు ఏడాది తిరగకుండానే నిలిచిపోయింది. హోదా వచ్చినంత మాత్రాన విమానాలు రావు కదా!

అసలు చిక్కు రన్‌వేతోనే. దూరదేశాలకు వెళ్లే పెద్ద విమానాలకు 2,286 మీటర్ల పొడవు చాలదు. ఇంధనంతో బరువెక్కిన విమానం నేల విడవాలంటే ఎక్కువ దూరం పరుగెత్తాలి. మన వేసవి ఎండలకు గాలి పలుచబడి రెక్కలకు దన్ను తగ్గుతుంది గనుక ఆ దూరం మరింత పెరుగుతుంది. అందుకే రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించారు. 2021 జులైలో అది వినియోగంలోకి వచ్చింది.

ఆ అదనపు కిలోమీటరు బీడుపై వేసింది కాదు. కేసరపల్లి, బుద్ధవరం, అజ్జంపూడి పరిసరాల్లో సుమారు 700 ఎకరాలు సేకరించారు. ఏలూరు కాలువను సైతం మళ్లించవలసి వచ్చింది. భూసమీకరణ పద్ధతిలో పొలాలిచ్చిన రైతులకు బదులుగా అమరావతిలో అభివృద్ధి చేసిన స్థలాలు ఇస్తామన్నారు. 2019 తర్వాత రాజధాని పనులు స్తంభించాయి. 2025 మేలో పునఃప్రారంభమయ్యేనాటికి వారి పాత పొలాల మీదుగా విమానాలు ఎగరబట్టి నాలుగేళ్లు కావస్తోంది.