గాలితో కట్టే కేక్: మన దగ్గర ఏ నెలల చేయాలె?

ఇయ్యాల ఒక ఆస్ట్రియా స్వీట్ గురించి చెప్పుకుందాం. పేరు స్పానిషె విండ్‌టోర్టె. జర్మన్‌ల 'విండ్' అంటే గాలి, 'టోర్టె' అంటే కేక్. పేరుల స్పెయిన్ ఉంది గానీ వంటకం మాత్రం ఆస్ట్రియాదే. 2015ల 'గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్' షోల పోటీదారులకు దీన్ని పరీక్షగా పెట్టిన్రు.

ఇందుల మైదా ఉండది. తెల్లసొన, చక్కెర గిలక్కొడితే వచ్చే నురుగును మెరాంగ్ అంటరు. దాన్ని రింగులుగ వేసి, ఓవెన్‌ల ఎండబెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి డబ్బాలెక్క కడతరు. లోపల గిలక్కొట్టిన క్రీమ్, స్ట్రాబెర్రీలు. పైన మూత. బయట పువ్వులు, మెలికలు. చూస్తే మన కరీంనగర్ వెండి ఫిలిగ్రీ యాదికొస్తది.

మరి నురుగు ఎట్ల నిలబడ్తది? తెల్లసొనల దాదాపు 90 శాతం నీళ్లే, మిగిలింది ఎక్కువగ ప్రొటీన్. గిలక్కొడితే ఆ ప్రొటీన్ విప్పుకొని గాలి బుడగలను పట్టుకుంటది. చక్కెర దాన్ని గట్టిగ నిలబెడ్తది. పచ్చసొన గానీ నూనె గానీ కలిస్తే నురుగు సరిగ రాదు. తమిళనాడు తూత్తుకుడి మకరూన్‌లు గూడ ఇదే పద్ధతి, అండ్ల జీడిపప్పు పొడి కలుపుతరు.

ఒక గుడ్డు తెల్లసొనకు 50 గ్రాముల చక్కెర పొడి కొంచెం కొంచెంగ వేయాలె. 100 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఎండనియ్యాలె.

అసలు కిరికిరి మన వాతావరణంతోని. నేను జులైల చేసిన. పొద్దున కరకరలాడింది, సాయంత్రానికి బంకలెక్క అయింది. చక్కెర గాలిల తేమను గుంజుకుంటది కదా! పోనీ మే నెల పొడి ఎండలల్ల చేద్దామంటే, మెరాంగ్ బాగనే ఉంటది, క్రీమ్ ఆగది. క్రీమ్‌ను నిలబెట్టేది గట్టిపడ్డ కొవ్వు. రామగుండం ఎండకు అది కరిగిపోతది.

అంటే మెరాంగ్‌కు పొడి గాలి కావాలె, క్రీమ్‌కు చల్లదనం కావాలె. రెండూ ఒక్కసారి దొరికేది డిసెంబర్, జనవరిలనే. ఆదిలాబాద్‌ల అప్పుడు రాత్రిపూట 10 డిగ్రీల కిందికి పోతది. స్ట్రాబెర్రీలు గూడ అప్పుడే వస్తయి.

రెండు జాగ్రత్తలు. 25 శాతం కొవ్వుండే ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ గట్టిగ నిలబడది, 30 శాతం పైన ఉన్నది కొనుండ్రి. మెరాంగ్ ఆరినంక గాలి పోని డబ్బాల పెట్టి, క్రీమ్ మాత్రం తినే ముందే నింపుండ్రి.

మొదటిసారి రెండు గుడ్లతోనే చేయుండ్రి. పాడైనా పెద్ద నష్టం లేదు, పచ్చసొనలు ఆమ్లెట్‌కు పనికొస్తయి. ఉంట మరి!